అరవై వేల కిలోమీటర్ల ప్లగ్గు

ఫిబ్రవరి 3, 2008. ఆదివారం

రోహిణి కారు వచ్చింది. కారు వచ్చిందంటే రోహిణి వచ్చిందని.

పదకొండింటికి బళ్ళారి కౌల్ బజార్‌లో నా గ్యారేజీ ఉండే సందులోకి తిప్పింది. నేను చూడనట్టు వేరే బండి కింద పడుకుని ఉన్నాను. హారన్ రెండుసార్లు కొట్టి, "ఏమయ్యా, కింద నిద్ర పోతాండావా?" అంది. లేచి చేతులు తుడుచుకున్నాను. ఆ బండి కింద పొద్దున్నుంచీ చేయడానికి పనే లేదు. ఇక్కడ రాసుకుంటే తప్పేముంది, చదివేవాళ్ళెవరు.

"సండూరు దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడ్తాండాది. దగ్గి దగ్గి ఆగిపోయేట్టు చేస్తాది. ముందర లారీ, ఎనకాల లారీ. నా పై ప్రాణాలు పైనే పోతాండాయి" అంది.

మారుతి ఎనిమిదొందలు. మూడే ప్లగ్గులు. మూడూ విప్పాను. మూడింటి మొనలూ చక్కటి ఇటుక రంగులో ఉన్నాయి. ముప్పై ఏళ్ళ కింద బ్రూస్‌పేటలో నాకు పని నేర్పిన తిమ్మన్న ఒకటే మాట చెప్పేవాడు. "నల్లగుంటే పెట్రోలు ఎక్కువ తాగుతాండాదని, తెల్లగుంటే ఎండుతాండాదని, ఇటుక రంగుంటే ఇంజను నవ్వుతాండాదని. అంతేరా, ఇంకేమీ సదవబన్లేదు." ప్లగ్గు రోహిణికి చూపించి, "ఇంత ఆరోగ్యంగా ఉండే ప్లగ్గు ఈ జిల్లాలోనే ఉండదు, నీదంతా అనుమానం" అన్నాను. ఆమె నర్సు. ఆరోగ్యం గురించి తనకు చెప్తున్నానని కాబోలు, నా మొహం కేసి అదోలా చూసింది.

తోమి, గ్యాప్ సరిచేసి, మళ్ళీ బిగించాను. అరగంట పని. రెండు గంటలు చేశాను. ఎదురుగా ఉండే పంపమ్మ బజ్జీల బండి నుంచి ఉగ్గాని, బజ్జీ తెప్పించాను. ఆమె గోడ పక్క స్టూలు మీద కూర్చుని తిన్నది. మిరపకాయ తొడిమ నాకు ఇవ్వబోయి, నా చేతులు చూసి తనే దూరంగా విసిరింది.

మూడింటికి బయల్దేరింది. బ్రూస్‌పేట ఇంటికి రాలేదు. "పొద్దు పోతే లారీల్లో ఇరుక్కుంటా" అంది. నిజమే. ఆ లారీల వల్లనే కదా యశ్వంతనగర్ ఆసుపత్రి క్వార్టర్స్ తీసుకుంది. అంతకుముందు రోజూ పోయి వచ్చేది. ఇనుప ఖనిజం లారీలు మొదలయ్యాక గంటన్నర దారి నాలుగు గంటలైంది. "రెండు నెలలు ఆడ ఉంటా, ఈ రద్దీ తగ్గేదాకా" అంది పోయిన మార్చిలో. రద్దీ తగ్గలేదు. పదకొండు నెలలైంది. నేనేమీ లెక్కపెట్టడం లేదు.

నేనూ ఇంటికి రమ్మనలేదు. సొంతింటికి ఎవరినైనా పిలుస్తారా?

"మళ్ళీ రెండు నెలలకు ప్లగ్గులు తోమాల" అన్నాను. "సరే" అంది.

ఫిబ్రవరి 4

పని లేదు. పని లేదంటే డీజిలు బండ్లున్నాయి. నేను ముట్టను.

ఫిబ్రవరి 9. శనివారం

రోహిణి ఫోను. మళ్ళీ మిస్సింగ్.

వాళ్ళన్న మాధవ ఇనుపరాయి లారీలు తిప్పి పెద్దమనిషైనాడు. ఆయన ఆ డబ్బా అమ్మేయమంటున్నాడట. ఆసుపత్రిలో కాంపౌండరు కొంటానన్నాడట. "ఉగాది లోపల బాగు కాకుంటే ఇచ్చేస్తానయ్యా. నాకు భయమైతాది ఆ ఎత్తులో" అంది.

"నీ ఇష్టం" అన్నాను.

"నా ఇష్టమేనా?"

"నీ కారు, నీ ఇష్టం."

పెట్టేసింది. చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని నిల్చున్నాను. పక్క షెడ్డులో లారీల బ్యాటరీలు, వైరింగు చూసే హొన్నూరుస్వామి చూశాడు. వాడి కన్నుకు ఏదీ తప్పదు.

"ఏమప్పా కేశవప్పా, మొకం అట్లయింది? అక్క తిట్టిందా?"

"కారు అమ్మేస్తుందంట."

"అమ్మనీప్పా. పీడ పోతాది. ఒక డీజిలు జీపు కొనియ్యి. ఊరంతా డీజిలు మింద బతుకుతాంటే నువ్వొక్కనివి పెట్రోలు పట్టుకుని ఏలాడ్తాండావు."

వాడికేం తెలుసు. కారు పోతే రోహిణికి బళ్ళారితో ఏం పని? మందులు సండూరులో దొరుకుతాయి, బట్టలు హొసపేటలో దొరుకుతాయి. మాకు పిల్లలు లేరు, వాళ్ళ కోసం వస్తుందనుకోవడానికి. బస్సులో ఎవరైనా రావచ్చు. కానీ బస్సుకు ప్లగ్గులు తోమించుకోవడానికి నా దగ్గరికి రారు.

ఉగాది లోపల ఈ కారు బాగుచేయాలి. చేస్తాను. చేయకపోతే ముప్పై ఏళ్ళ పని ఎందుకు, తగలెయ్యడానికా.

ఫిబ్రవరి 12. మంగళవారం

బెంగళూరు నుంచి ప్లగ్గుల సేల్స్‌మన్ వచ్చాడు. మారుతికి సరిపోయేవి మూడు రకాలు బల్ల మీద పరిచాడు. పెళ్ళిచూపుల్లాగ ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూపించాడు.

ప్లగ్గంటే ఏముంది. కొనలో నడిమి కడ్డీ ఒకటి, దాని మీదికి వంగిన కాలు ఒకటి, రెండింటి మధ్య గోరు మందం సందు. సందులో నిప్పురవ్వ దూకితే పెట్రోలు అంటుకుంటుంది. మామూలు ప్లగ్గుకు ఒకటే కాలు. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నది అదే. మన దుమ్ముకు రెండు నెలలకోసారి విప్పి తోమాలి, సందు సరిచేయాలి.

రెండోది మూడు కాళ్ళది. హొన్నూరుస్వామి ఎగబడి చూసి, "మూడు కాళ్ళు! మూడు రవ్వలు ఒకేతూరి! ఇదే ఎయ్యప్పా" అన్నాడు. అట్లా కాదురా, రవ్వ ఒకసారికి ఒక కాలికే దూకుతుంది, ఏది దగ్గరుంటే దానికి అన్నాను. ఒకటి అరిగితే ఇంకోటి ఆసరా, అంతే. ఎక్కువ రోజులు వస్తుంది. కానీ ఆ ఇరుకులో మంట సరిగా విచ్చుకోదు, దుమ్ము కూడా ఇరుక్కుంటుంది.

మూడోది ఇరిడియం. నడిమి కడ్డీ మొన సూదిలాగ సన్నం. ఆ సన్నం మీద రవ్వ సులువుగా పుడుతుందట, అరగదట, కాలుకు మసి పట్టినా లెక్కచేయదట. "అరవై వేల కిలోమీటర్లు ముట్టుకోబన్లేదు సార్. వేసి మర్చిపోండి" అన్నాడు.

వేసి మర్చిపోండి.

రోహిణి బండి ఏడాదికి పదివేలు తిరుగుతుంది. అంటే ఆరేళ్ళు.

ఒక సెట్టు మూడు కాళ్ళవి, ఒక సెట్టు సూదిమొనవి తీసుకున్నాను. రెండూ డ్రాయరులో పెట్టాను.

ఫిబ్రవరి 14

ఆలోచించాను. సూదిమొన మన వైపు పనికిరాదు. ఇది జపాను వాళ్ళ దారులకు చేసింది. ఇక్కడ గాలిలో సగం కొండే ఉంది. మామూలు ఒంటికాలు ప్లగ్గే మేలు. అలవాటైన వస్తువు, చేతికి లొంగుతుంది, ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉండవచ్చు. ఇది నా అనుభవంతో రాస్తున్నాను.

ఫిబ్రవరి 15

అనుభవమట. సూదిమొన ఒక్కటి కూడా వేసి చూసిన పాపాన పోలేదు.

అయినా ఒంటికాలే మేలు.

ఫిబ్రవరి 17. ఆదివారం

వచ్చింది. పొద్దున గడ్డం గీసుకుని, గ్యారేజీ ముందు నీళ్ళు చల్లాను. పంపమ్మ చూసి, "ఏమప్పా, ఈ పొద్దు మినిస్టరు వస్తాండాడా?" అని అరిచింది. ఆ ముసలమ్మకు నోరు ఎక్కువ.

ప్లగ్గులు విప్పాను. కడిగిన ఇటుక రంగు. ఇంజను నిలబెట్టి నడిపితే గడియారంలాగ నడుస్తోంది. ఒక్క తప్పు లేదు. సందు చివరిదాకా తోలాను, తిరిగొచ్చాను, దగ్గలేదు. మరి ఎత్తులోనే ఎందుకు దగ్గుతుంది? నడిపే మనిషి గేరు మార్చడంలో ఏదో ఉంటుందని ఆమెతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఏండ్ల నించి లారీల మధ్య నడుపుతాండా. గేరు నాకు నేర్పిస్తావా?"

"కొత్త ప్లగ్గులు ఏస్తాలే" అన్నాను.

"వేరే రకం ఏమన్నా ఉండాయా? ఇట్లా ఊకూకే తోమే పని లేనివి?"

డ్రాయరు ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"లేవు" అన్నాను.

ఎందుకో నవ్వింది. చిన్నగా. "సరే, ఉండేవే ఏయి" అంది. ఒంటికాలు ప్లగ్గులు కొత్తవి మూడు వేశాను. "నెలకు ఒకతూరి తీసుకరా, కొత్తవి కదా, చూసుకోవాల" అన్నాను. రెండు నెలలది నెల చేశాను. సిగ్గు లేదు నాకు.

పోయేటప్పుడు అద్దం దించి, "అన్నం వండుకుంటాండావా, హోటలేనా?" అని అడిగింది. వండుకుంటున్నానని చెప్పాను. అదీ అబద్ధమే. ఒకటే రోజు రెండు.

ఫిబ్రవరి 18

మేలు చేశాననే అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 24. ఆదివారం

ఎవరూ రాలేదు. రావాల్సిన రోజు కూడా కాదు. గ్యారేజీ ఎందుకు తెరిచానో తెలియదు. ఇంట్లో రోహిణి దిండు మీద దుమ్ము పట్టింది. దులిపాను. సాయంత్రానికి మళ్ళీ పట్టింది. ఈ ఊళ్ళో తలుపు మూసినా అంతే.

మార్చి 1. శనివారం

నిన్న జరిగింది. నాకు ఈ పొద్దు తెలిసింది.

సండూరు దగ్గర ఎత్తులో కారు ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు కాలేదు. వెనక వచ్చే ఖనిజం లారీ బ్రేకు వేసినా నిండు బరువుతో ఆగలేక వచ్చి తగిలింది. వెనక బంపరు లోపలికి పోయింది. ఇంకో రెండడుగులు వచ్చి ఉంటే... ఇంకో రెండడుగులు రాలేదు. ఆమెకు ఏమీ కాలేదు. మూడు గంటలు ఆ దుమ్ములో, ఎండలో, లారీవాళ్ళు అరుస్తుంటే రోడ్డు పక్కన నిలబడిందట.

నాకు ఫోను చేయలేదు. వాళ్ళన్నకు చేసింది. మాధవే ఈ పొద్దు నాకు చెప్పాడు. "ఏం బావా, నీ చేతి పని ఇదేనా?" అన్నాడు.

ఆమెకు చేశాను.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"నేను వస్తా ఉండు."

"నువ్వేం రావద్దులే. బండిని పంపిస్తాండారు. అది చూడు సాలు."

సాయంత్రం కారు వచ్చింది. లారీ వెనక తాడుతో కట్టుకుని వచ్చింది. డ్రైవరు సీటులో ఎవరో కుర్రడ్రైవరు. తలుపు తెరుచుకుని అతను దిగాడు. కారు వచ్చి రోహిణి రాకపోవడం ఇదే మొదలు.

మార్చి 2. ఆదివారం

ప్లగ్గులు విప్పాను. రెండు వారాల కింద వేసినవి. ఇటుక రంగు. ఎంత అందంగా ఉన్నాయో. చంపబోయిన ప్లగ్గులు ఇట్లా నవ్వుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను.

చెమట పడితే తెల్ల గుడ్డతో మొహం తుడుచుకున్నాను. గుడ్డ ఎర్రబడింది. రోజూ అయ్యేదే. అదే గుడ్డతో ప్లగ్గు మొన తుడిచాను. అదే ఎరుపు. అచ్చం అదే.

అయ్యో నా మతి మండా. అది కాలిన రంగు కాదు. ఖనిజం ధూళి.

ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి చూస్తే చుట్టూ ఉండే రబ్బరు ఒకచోట చిట్లి ఉంది. రోహిణి వచ్చినప్పుడల్లా ఆ మూత తీసి పెట్టింది నేనే. ఆ సందులోంచి ధూళి ఇంజనులోకి పోతోంది. పోయి ప్లగ్గు పింగాణీ మీద పూత పూస్తోంది. ఇనుము ఇనుమే కదా, ఎత్తులో ఇంజను వేడెక్కి బరువు లాగేటప్పుడు ఆ పూత మీదుగా కరెంటు జారిపోతోంది. రవ్వ పుట్టదు. ఇక్కడ నిలబెట్టి నడిపితే ఏమీ తెలియదు.

తిమ్మన్న చెప్పింది తప్పు కాదు. ఆయన చెప్పినప్పుడు ఈ గాలిలో ఇనుము లేదు. ఆ మాట పట్టుకుని ఐదారేళ్ళుగా ఈ ఊళ్ళో ఎన్ని ప్లగ్గులు చూసి ఆరోగ్యం, ఆరోగ్యం అన్నానో. నేనొక్కణ్ణే కాదు, ఇక్కడి మెకానిక్కులందరమూ అంతే. ఎర్ర ఊళ్ళో ఎరుపు చూసి మురిసిపోయాం.

ఇది తెలియక చేసిన తప్పు. దీన్ని క్షమించుకోవచ్చు. డ్రాయరులోది తెలిసి చేసింది.

మార్చి 4. మంగళవారం

కొత్త రబ్బరు వేశాను. అయినా మన దారిలో ధూళి ఎంతోకొంత పోనే పోతుంది. అది తట్టుకునే ప్లగ్గు ఏదో ఎత్తులోనే తేల్చాలి. గ్యారేజీలో తేలదు. మూడు కాళ్ళవి బిగించి, సూదిమొనవి జేబులో వేసుకుని పొద్దున్నే సండూరు దారి పట్టాను.

తోరణగల్లు దాటాక లారీల వరస మొదలైంది. కొస కనపడలేదు. గంటలో రెండు మైళ్ళు నడిచిందేమో. అద్దాలు ఎక్కించుకుంటే ఉడుకు, దించుకుంటే దుమ్ము. పక్క లారీ చక్రం నా తలకంటే ఎత్తు. ఈ దారిలోనా ఆమె ప్రతిసారీ వచ్చింది? నేను "రెండు నెలలకు ఒకసారి", "నెలకు ఒకసారి" అని ఎంత సులువుగా చెప్పాను.

మధ్యాహ్నానికి వరస కాస్త విడింది. కావాలని ఫిల్టర్ మూత వదులు చేసి, దుమ్ము పోనిచ్చి ఎత్తు ఎక్కించాను. నాలుగుసార్లు. మూడు కాళ్ళవి నాలుగో సారికి దగ్గాయి. పక్కకు తీసి, కాలే ఇంజను మీద చేతులు కాల్చుకుని సూదిమొనవి బిగించాను. ఆరుసార్లు ఎక్కించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. బరువు మీద, వేడి మీద, ఎర్ర పూత మీద కూడా రవ్వ పుడుతూనే ఉంది. సేల్స్‌మన్ చెప్పింది నిజం. మూత గట్టిగా బిగించాను.

అక్కడి నుంచి యశ్వంతనగర్ ఇంకా ఎంత, పదహారు కిలోమీటర్లు. రోడ్డు పక్కన రాయి మీద రాసి ఉంది.

తిరిగొచ్చాను. పని అయిపోయింది కదా. ఆమె డ్యూటీలో ఉంటుంది. గ్యారేజీ మూసి పెట్టి వచ్చాను. చేతులు కాలి ఉన్నాయి. చొక్కా బాగాలేదు.

ఇన్ని కారణాలు ఎందుకు రాశానో.

మార్చి 9. ఆదివారం

బస్సులో వచ్చింది. తల మీద గుడ్డ కట్టుకున్నా పాపిట ధూళికి ఎర్రగా ఉంది. బంపరు సరిచేసి ఉంచాను. "నడిపి చూడు" అన్నాను. కోట వైపు ఒక చుట్టు తిప్పి వచ్చింది.

"కొత్త బండి మాదిరుండాది. ఏం జేసినావు?"

సూదిమొన ప్లగ్గు పెట్టెను ఆమె చేతికిచ్చాను. రాత్రంతా అనుకున్న మాటలు అప్పజెప్పాను. "దీనికి గ్యాప్ పెట్టే పని లేదు, తోమే పని లేదు. అరవై వేల కిలోమీటర్లు. నీ తిరుగుడుకు ఆరేండ్లు."

"అంటే ఆరేండ్లు ఈడికి రాబన్లేదు."

"అవసరం ఉండదు."

పెట్టె తిప్పి తిప్పి చూస్తోంది. నేను ఇంక ఆపుకోలేకపోయాను. "పోయినతూరి వేరేవి ఉండాయా అని అడిగితివి. ఉన్నాయి. ఈ డ్రాయరులోనే ఉన్నాయి. నేనే లేవన్నా. నా వల్లనే నువ్వు ఆడ..."

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఇట్లాంటివి ఉంటాయని తెలుసు. మా డాక్టరమ్మ కారుకు ఇవే. దసరాకే చెప్పింది, ఇవి ఏయించుకో రోహిణీ, ఊకూకే బళ్ళారికి పోయే బాధ తప్పుతాదని. వద్దు మేడమ్ అంటి."

"ఎందుకు వద్దంటివి?"

నాలాంటి దద్దమ్మ ఈ జిల్లాలో ఉండడు. అడిగాను, నిజంగానే అడిగాను.

"ఎందుకా? పనుంటేనే కదయ్యా నీ దగ్గరికి వచ్చేది. పోయిన వానాకాలం నిన్ను చూడాలనిపించి బస్సులో వస్తి. ఈడ నిలబడితి. నువ్వు తలెత్తి ఏమన్నావు? 'ఏమొస్తివి, కారుకేమైంది?' అంటివి. మళ్ళా బస్సు ఎక్కి పోతి. అప్పట్నించి కారుకు ఏదో ఒకటి అయితేనే వస్తాండా."

నాకు గుర్తు లేదు. ప్రమాణం చేసి చెప్తున్నాను, గుర్తు లేదు. కానీ అని ఉంటాను. అది నా మాటే.

"నువ్వు లేవన్నప్పుడు కూడా నాకు తెలుసు ఉండాయని. నన్ను రప్పించుకోవాలనే కదా అని సంతోషపడితి, పిచ్చిదాన్ని. అమ్మేస్తానంటే మాత్రం నీ ఇష్టం అంటివి. ఆ మాటకు రెండు దినాలు అన్నం సయించలేదు." గొంతు పెరిగింది. పంపమ్మ నూనె మూకుడు ముందర చేయి ఆపేసింది. "నువ్వు దాచి, నేను దాచి, మనిద్దరి పిచ్చికి మొన్న నేను లారీ కింద పోయేదాన్ని. ఒకటి చెప్పు. నేను పని కల్పించుకొనైనా వస్తి. నువ్వు ఒక్కతూరన్నా సుమ్నే వచ్చినావా నా దగ్గరికి? బస్సుల్లేవా? లారీలు నాకేమన్నా పక్కకు జరిగి దారి ఇస్తాండాయా?"

సుమ్నే. ఊరికే. ఆ కన్నడం మాట ఆమె నోట ఎప్పుడూ వచ్చేదే. ఈ పొద్దు వాత పెట్టినట్టు తగిలింది.

మంగళవారం నేను పదిమైళ్ళ దూరం నుంచి తిరిగొచ్చానని చెప్పలేదు. చెప్పే మొహం లేదు.

"కారు అమ్మనులే. బాగుండాది" అంది. తాళం తీసుకుని పోయింది.

మార్చి 16. ఆదివారం

ఫోను చేశాను. "కారెట్లుంది?" "బాగుండాది." "సరే."

మార్చి 23. ఆదివారం

ఫోను చేశాను. కారు బాగుంది.

మార్చి 30. ఆదివారం

మిస్సింగ్ లేదు. దగ్గు లేదు. నా జన్మలో ఇంత బాగా చేసిన రిపేరు ఇంకోటి లేదు. ఆరేళ్ళలో ఇంకా నాలుగు వారాలు కూడా కాలేదు.

గ్యారేజీ మూస్తుంటే పంపమ్మ పిలిచింది. నాలుగు బజ్జీలు కాగితంలో పెట్టిచ్చి, "ఏమప్పా, నేనొక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఆ పొద్దు ఆ యమ్మ అన్ని మాటలు అడిగిందే, నువ్వు ఒక్కదానికన్నా బదులు చెప్తివా?" అంది.

"ఏం చెప్పాలమ్మా?"

"నన్నడుగుతావేంది? నేనేమన్నా నీ పెండ్లామా? పోయి ఆ యమ్మకు చెప్పుపో."

"పనేముందని పోవాల?"

పంపమ్మ నన్ను చూసిన చూపుకు బజ్జీలు తినబుద్ధి కాలేదు. మళ్ళీ అదే మాట. పని. నా నోరు దానికే అలవాటు పడింది.

ఏప్రిల్ 2. బుధవారం

యశ్వంతనగర్. సాయంత్రం నాలుగున్నర.

ఈ పొద్దు బుధవారం. పండగ కాదు, సెలవు కాదు, ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున గ్యారేజీ తెరవడానికి పోయి, తాళం తీయకుండానే బస్టాండుకు నడిచాను. హొన్నూరుస్వామి వెనక నుంచి, "యాడికప్పా, ఎవరిదన్నా బండి ఆగిపోయిందా?" అని అరిచాడు. చేయి ఊపాను. సామాన్ల సంచి తీసుకోలేదు. చొక్కా లోపల ఈ డైరీ ఒకటే.

బస్సుకు ఐదు గంటలు పట్టింది. రెండున్నర గంటలు నిలబడే వచ్చాను. ఆ ఎత్తు దగ్గర డ్రైవరు ఇంజను ఆపేసి దిగి బీడీ కాల్చుకున్నాడు. ఆమె మూడు గంటలు నిలబడింది ఇక్కడే ఎక్కడో. ఆ చోటు ఏదో కూడా నేను ఆమెను అడగలేదు.

క్వార్టర్స్ వెతుక్కోవలసి వచ్చింది. ఏడాదిగా నా పెళ్ళాం ఉంటున్న ఇంటి నంబరు నాకు తెలియదు. కారును చూసి గుర్తుపట్టాను. తలుపుకు తాళం. పక్కింట్లో నుంచి ఒకమ్మాయి బయటికొచ్చింది. సవిత అట, ఆమె కూడా నర్సే.

"రోహిణక్కకు ఆరింటి దాకా డ్యూటీ. మీరు..." అని నా గోళ్ళలో ఉండే నలుపు చూసి మొహం విప్పారింది. "ఓ, మీరు బళ్ళారి మెకానిక్కు కదా! అక్క ఎప్పుడూ చెప్తాంటుంది, బళ్ళారిలో ఒక మెకానిక్కు ఉండాడు, ఆయన చేయి తప్ప ఇంకొకరి చేయి నా కారు మింద పడనియ్యను అని. కారు బాగానే ఉండాదే, ఏమొచ్చినారు?"

ఏమొచ్చినారు. ఆ మాట తీసుకోవడానికి ఎట్లా ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది. వచ్చిన బస్సే ఎక్కి పోదామా అనిపించింది. రోహిణికి కూడా అట్లాగే అనిపించి ఉంటుంది ఆ వానాకాలం.

"మెకానిక్కునేనమ్మా" అన్నాను. "ఆమె మొగుణ్ణి కూడా."

ఆ పిల్ల నాలుక కరుచుకుని, "అయ్యో అన్నా, తప్పుగా అనుకోవద్దండి, అక్క ఎప్పుడూ..." అని ఆగిపోయింది. ఎప్పుడూ చెప్పలేదని. చెప్పుకోవడానికి నేనేం ఇచ్చాను. లోపలికి పరుగెత్తి కుర్చీ తెచ్చి వేసింది. ఆసుపత్రికి పోయి అక్కను పిలుచుకొస్తానంది.

"వద్దమ్మా. పని మధ్యలో పిలవబన్లేదు."

"ఏమన్నా అర్జెంటు పని మింద వచ్చినారేమో అని..."

"పనేం లేదు. సుమ్నే వచ్చినా."

నా నోటితో అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల టీ తెచ్చిపెట్టి, నన్ను వదిలేసి లోపలికి పోయింది.

ఆమె తలుపు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఆరు కావడానికి ఇంకా గంటన్నర ఉంది. వస్తే ఏమని చెప్పాలో ఇక్కడ రాసి చూసుకుందామనుకున్నాను. తప్పైందని రాశాను, కొట్టేశాను. ఆ మంగళవారం దగ్గరిదాకా వచ్చి తిరిగిపోయానని రాశాను, అది చెప్పాలి గానీ మొదట కాదు. లారీల గురించి రాశాను, అది కొట్టేశాను. చివరికి మిగిలింది ఇంతే.

ఇంటికి రా రోహిణీ. రాలేకపోతే నన్నే ఇక్కడ ఉండనీ.